మూడో చోటు

అయినా నీ ఇష్టం అనే మాటను ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళను పట్టుకొచ్చి ఈ ఈతకొలనులో లోతు వైపు దింపి, నడుముకు ఈ స్పాంజి బెల్టు బిగించి, కాళ్ళు కింద ఆనకుండా ఊపిరి అందకుండా పోయేదాకా పరిగెత్తించాలి, అప్పుడు తెలిసొస్తుంది ఇష్టమంటే ఏమిటో, అనుకుంటూ ఆమె మోకాళ్ళు ఎత్తి దించుతోంది, మోచేతులు ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది, నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, క్లోరిన్ వాసన ముక్కులోంచి మెదడు దాకా పాకింది, ఇంత చేసినా గట్టుకు ఎదురుగా ఎక్కడ మొదలుపెట్టిందో అక్కడే ఉంది, ఇందాకా అక్కడే, ఇప్పుడూ అక్కడే, దేశం మొత్తమ్మీద పదివేల మీటర్ల పరుగులో ఆమెకంటే ముందుండే ఆడవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు, ఆ ఇద్దరినీ ఈమెనూ కలిపి ప్రపంచ పోటీలకు ఎంపిక చేశారు, మూడో చోటు ఈమెది, అలాంటి మనిషి ఇప్పుడు అంగుళం ముందుకు కదలకుండా చెమటలు కక్కుతోంది, నీళ్ళలో చెమట పట్టినట్టు కూడా ఎవరికీ తెలియదు, అదొక అన్యాయం, తాడుకు అవతల నీళ్ళలో వ్యాయామం చేసే పెద్దావిడల గుంపులోంచి పూల బొమ్మల టోపీ పెట్టుకున్నావిడ ఇందాక అననే అంది, ఏంటమ్మా, ఎక్కడికీ పోకుండానే అంత రొప్పుతున్నావు, అని, ఆమె నవ్విందనుకోండి, నవ్వక ఏం చేస్తుంది, కానీ లోపల మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

నొప్పి ఎడమకాలిది, మోకాలికి జానెడు కింద, లోపలి వైపు, వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించగలిగినంత చోటు, చొక్కా గుండీ అంత ఉంటుందేమో, ఆ గుండీ అంత చోటు గురించి ఇంతమంది ఇన్ని మాటలు, స్కాన్‌లో మసగ్గా తెల్లగా కనిపించినదాన్ని పెన్నుతో చుట్టి ఫిజియో అమ్మాయి ఏమందంటే, ఎముక ఇంకా చీలలేదండీ, చీలుదామా వద్దా అని ఆలోచిస్తోంది, అంది, బావుంది, ఎముకకు కూడా ఆలోచనలే, దాన్ని కూడా ఎవరో అడిగి ఉంటారు నీ ఇష్టం అని, మరి పోటీల నాటికి మానుతుందా అంటే మానొచ్చు, మానకపోవచ్చు, సగానికి సగం అనుకోండి, అంది, సగానికి సగం, అదొక లెక్క, గోడ మీద పిల్లి కూడా అంతకంటే ఖాయంగా ఏదో ఒక పక్కకు దూకుతుంది, అవతల చూస్తే ఈ సాయంత్రం అథ్లెటిక్స్ సంఘం ఆఫీసు మూసేలోగా మాట చెప్పాలి, తప్పుకుంటాను అంటే ఎంపిక పందెంలో నాలుగో స్థానంలో వచ్చినావిడ పేరు రాస్తారు, తప్పుకోను అంటే ఈమె పేరే ఉంటుంది, రేపు తెల్లారితే ఇక పేరు మార్చడానికి వీల్లేదు, ఆ తర్వాత ఎముక తన ఆలోచన పూర్తిచేసి టప్పున చీలిందంటే ఆ చోటు ఎవరికీ కాకుండా పోతుంది, ఈమెకూ లేదు, ఆవిడకూ లేదు, గీత దగ్గర ఒక మనిషి చోటు ఖాళీ, అంతే, ఆ మాట పొద్దున ఫోన్లో చెప్పిన సంఘం ఆవిడ గొంతు ఎంత తియ్యగా ఉందంటే, తొందరేం లేదండీ, సాయంత్రంలోగా చెప్తే చాలు, మీ ఇష్టం, అంది, మందుల దుకాణంలో చిల్లర లేకపోతే బిళ్ళలు ఇచ్చినంత తేలిగ్గా.

ఇంట్లో మొగుడూ అంతే, ఆయనకు కళ్ళద్దాల దుకాణం, పొద్దస్తమానం కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి ఇది బాగా కనిపిస్తోందా, ఇంతకుముందుది బాగా కనిపించిందా, ఇదా, అదా, అని అడగడమే పని, తను మాత్రం ఏనాడూ ఇది అని గానీ అది అని గానీ అనకూడదు, ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు మహానుభావుడు, పొద్దున టీ తాగుతూ ఆమె అడిగింది, నువ్వేమంటావు, ఉండనా, తప్పుకోనా, అని, నాదేముంది, నువ్వేదనుకుంటే అదే, అన్నాడు, నేనేదీ అనుకోలేకే కదా నిన్నడుగుతున్నా, అంది, చూడు, ఉండు అని నేనంటే రేపు కాలు విరిగినప్పుడు నన్నంటావు, వద్దు అంటే బతికినంతకాలం అంటావు, అన్నాడు, అది నిజం, నూటికి నూరుపాళ్ళు నిజం, అందుకే మరీ ఒళ్ళు మండింది, అబద్ధమైతే దెబ్బలాడొచ్చు, నిజంతో ఏం దెబ్బలాడతాం, టీ సగంలో వదిలేసి సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది, మెట్ల మీద ఉండగా అమ్మ ఫోను, ఆ కాలు నీదే తల్లీ, దేశానిది కాదు, విరిగితే నువ్వే కుంటుకోవాలి, మానెయ్, అంది, హమ్మయ్య, ఒక్కరైనా ఒక మాట చెప్పారనుకునేలోపలే, అయితే మీ నాన్న మాత్రం అందరికీ చెప్పేసుకున్నాడే, క్షవరం చేసేవాడిక్కూడా చెప్పాడు, ఇప్పుడు కాదంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడో, అంది, ఒక్క ఊపిరిలో రెండూ అనడం అమ్మకే చెల్లింది, పోనీ ఆయన మొహం ఉన్నచోటే పెట్టుకోమనమ్మా, అని ఈమె ఫోను పెట్టేసింది, ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అనకుండా ఉండాల్సింది, నాన్న పక్కనే ఉండి విని ఉంటాడు.

మోకాళ్ళు పైకి, ఇంకా పైకి, వీపు నిటారుగా, కోచ్ మాస్టారు గట్టు మీద లేకపోయినా ఆయన గొంతు చెవిలో ఉంటుంది, ఆయనకైతే ఏ అనుమానమూ లేదు, ఎవరికీ నీ ఇష్టం అనని మనిషి ఆయనొక్కడే, కానీ ఆయన చెప్పేది వింటే ఇంకో రకం తలనొప్పి, ఆ చోటు నీకెవరూ దానమివ్వలేదు, నువ్వు పరిగెత్తి సంపాదించుకున్నావు, నీ ఉద్యోగం నీకు జ్వరమొస్తే పక్కింటివాళ్ళకు ఇచ్చేస్తావా, అంటాడు, తర్వాత ఆ పాత కథ ఎత్తుకుంటాడు, ఆయన పరిగెత్తే రోజుల్లో ఒకతను పోటీకి వారం ముందు నడవలేక గోడ పట్టుకు తిరిగాడట, పోటీనాడు లేచి పరిగెత్తి పతకం తెచ్చాడట, ప్రతి కోచ్ దగ్గరా అలాంటి మనిషి ఒకడుంటాడు, గోడ పట్టుకు తిరిగినవాడు గోడ పట్టుకునే ఉండిపోయిన కథ మాత్రం ఏ కోచూ చెప్పడు, అలా ఉండిపోయినవాళ్ళు ఎంతమందో, వాళ్ళ గురించి ఎవరు చెప్పాలి, గోడలు చెప్పాలి, ఇటు చూస్తే ఈయన, అటు ఫోను తెరిస్తే జనం, స్వార్థం అని ఒకడు, వేరేవాళ్ళ నోటి దగ్గర ముద్ద లాక్కుంటోంది అని ఒకడు, తప్పుకుని హుందాగా ఉండొచ్చుగా అని ఒకావిడ, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళంతా ఎముకల గురించి తీర్పులే, అసలు సంపాదించుకున్నది వదలకపోతే స్వార్థమెలా అవుతుంది, పోనీ మరి పరిగెత్తలేని చోటును పట్టుకుని వేలాడితే దాన్నేమంటారు, మళ్ళీ అదే, ఎటు తిరిగినా తిరిగి తిరిగి ఇక్కడికే, తల కూడా ఈ కాళ్ళలాగే, ఒకటే ఆడటం, ముందుకు పోయింది లేదు.

కోపం ఎవరి మీదో కాదులెండి, నిన్నటినుంచి కోపమంతా తన మీదే, నిన్న ఫిజియో అమ్మాయి కాలు నొక్కి చూస్తూ, ఇన్ని రోజులు పరుగు ఆపారు కదా, ఈపాటికి ఇంకా నయం కావాలే, అని కనుబొమలు ముడిచి, నొప్పి తగ్గుతోందో లేదో మీకెలా తెలుస్తోంది, అని అడిగింది, ఎలా తెలుస్తుంది, గెంతి చూసుకుంటే తెలుస్తుంది, అంది ఈమె, గెంతి అంటే, అంటే ఎడమకాలి మీద, ఒంటికాలితో, ఎప్పుడు, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, రోజూనా, రోజూ, స్నానాల గది గచ్చు మీద, వట్టికాళ్ళతోనా, అవును, ఆ అమ్మాయి చేతిలో పెన్ను కింద పెట్టేసింది, తర్వాత నవ్వింది కూడా, ఏడవలేక నవ్విన నవ్వు, మామూలు మనుషులు నొప్పి పుడితే కూర్చుంటారండీ, మీ పరుగులవాళ్ళు మాత్రం పుండు మానిందా అని రోజూ పక్కు లేపి చూస్తారు, మీకు నేను విశ్రాంతి రాసిస్తే మీరు రోజూ దాన్ని సుత్తితో కొడుతున్నారు, అంది, ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఎందుకంటే ఆ గెంతడంలో ఎంత శ్రద్ధ పెట్టిందని, నిన్నటికంటే ఇవాళ తక్కువ నొప్పా, ఎక్కువా, ఒకటేనా, ఒకటే అనిపిస్తే ఇంకోసారి గట్టిగా గెంతి చూసుకోవడం, కింది వాటాలోవాళ్ళు పైకొచ్చి, పొద్దున్నే ఆ దబ్‌దబ్‌మని చప్పుడేంటండీ, మా దీపం ఊగుతోంది, అని అడిగి వెళ్ళారు కూడా, మొగుడు వాళ్ళకు సర్దిచెప్పాడే గానీ గెంతకు అనలేదు, అనడుగా, ఆయనెప్పుడేమన్నాడు గనక, ఈ గెంతులు లేకపోయుంటే సగానికి సగం కాస్తా ముప్పాతికయ్యేదేమో, ఎవరికి తెలుసు, నొప్పి ఉందా అని చూసుకుంటూ చూసుకుంటూ నొప్పిని తనే సాకింది, మూడు వారాలు కన్నబిడ్డలా సాకింది, ఛీ.

ఇంతలో గట్టు మీద కాళ్ళు కనిపించాయి, తెల్లటి సన్నటి కాళ్ళు, పాదాల మీద నరాలు తేలిన పాత కాళ్ళు, మొహం చూడక్కర్లేదు, పరుగులవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కాళ్ళతోనే గుర్తుపడతారు, ఆ పోల్చుకున్న క్షణంలో ఆమె గుండెలో రాయి పడింది, ఇస్త్రీ అక్క, నాలుగో స్థానంలో వచ్చినావిడ, ఈమె తప్పుకుంటే వెళ్ళాల్సింది ఎవరో ఆ ఇస్త్రీ అక్కే, పరుగులవాళ్ళంతా పెట్టిన పేరది, ఎందుకంటే ఆవిడ బనీను మీద ఎప్పుడూ మడత ఉండదు, పరిగెత్తేటప్పుడు మనిషిలోనూ మడత ఉండదు, మేకు దిగ్గొట్టినట్టు నిటారుగా పోతుంది, ఆఖరి రౌండులో అందరి మొహాలూ వంకర్లు తిరుగుతుంటే ఆవిడ మొహం బ్యాంకులో వరసలో నిలబడ్డట్టే ఉంటుంది, ఇక్కడ దిగొచ్చామ్మా, అని అడిగింది, దిగొద్దు అని చెప్పడానికి కొలను నా అబ్బ సొత్తా, రండక్కా, అంది ఈమె, లోతు వైపు తాడుకు ఇవతల ఇద్దరు పట్టే చోటే ఉంది, ఆవిడ నడుముకు బెల్టు కట్టుకుని, కట్టిన కొసలను కూడా లోపలికి దోపుకుని, చప్పుడు లేకుండా నీళ్ళలోకి జారి, పక్కనే పరిగెత్తడం మొదలుపెట్టింది, మోకాళ్ళకు వయసొచ్చిందమ్మా, పొద్దున రోడ్డు మీద, మధ్యాహ్నం నీళ్ళలో, రెండూ రోడ్డు మీదైతే ఇవి ఒప్పుకోవట్లేదు, అంది, అంతే, ఆపైన ఒక్క మాట లేదు, ఒకే గట్టుకు ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన పరిగెత్తుతున్నారు, ఒకళ్ళను ఒకళ్ళు దాటడమనేది లేదు, వెనకబడటమూ లేదు, పూల టోపీ ఆవిడ ఇటు చూసి తన పక్కావిడను మోచేత్తో పొడిచింది, ఇంకొకత్తి వచ్చిందే, అన్నట్టు.

అడగదేం, అని ఆమెకు ఒకటే ఆరాటం, నీళ్ళు ఇవాళ కాస్త చల్లగా ఉన్నాయి కదూ, అంది ఇస్త్రీ అక్క, అవునక్కా, అంది ఈమె, లోపల మాత్రం, అది కాదు తల్లీ నువ్వడగాల్సింది, నీ కాలెలా ఉంది అని అడుగు, ఉంటావా తప్పుకుంటావా అని అడుగు, సాయంత్రంలోగా చెప్పాలని నీకూ తెలుసు, సంఘం ఆవిడ నీకూ చేసి ఉంటుంది ఫోను, ఎందుకైనా మంచిది సిద్ధంగా ఉండండి అని అదే తియ్యటి గొంతుతో చెప్పి ఉంటుంది, మరి నోరు విప్పవేం, నువ్వడిగితే నేను మొహం మీదే చెప్పేద్దును, నా చోటు నేనెందుకు వదలాలి అని, అప్పుడు నువ్వు బాధపడితే నాకూ ఏదో ఒకటి తేలేది, కనీసం తిట్టినా బాగుండేది, నిమ్మకు నీరెత్తినట్టు ఇలా నీళ్ళు చల్లగా ఉన్నాయంటే నేనేం చేసేది, ఆవిడ పని కూడా అలాంటిదే, రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చి రక్తం తీస్తుంది, జట్టు శిబిరంలో ఒకసారి ఎవరో అడిగారు, నొప్పి ఉండదని చెప్పి గుచ్చుతారా అని, ఉండదని అబద్ధమెందుకు, కాస్త ఉంటుంది అని చెప్పే గుచ్చుతాను, అంది ఆవిడ, ఎంపిక పందెంలో ఆఖరి మలుపు తిరిగేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు, ఈమె కళ్ళు మూసుకుని ముందుకు పడిపోయినట్టుగా గీత దాటింది, ఈమె ఛాతీ వెంట్రుకవాసి ముందుందని గీత దగ్గర తీసిన ఫోటో చూసి చెప్పారు, ఆవిడ ఛాతీ ముందుకు తొయ్యలేదు, నిటారుగా వచ్చేసింది, పెంకితనమో అలవాటో, తర్వాత కడుపు మీది నంబరు గుడ్డ విప్పి నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుని, ఈమె దగ్గరకొచ్చి, బాగా పరిగెత్తావమ్మా, అని భుజం తట్టి వెళ్ళిపోయింది, అలా నాలుగో స్థానం ఆవిడకు మొదటిసారి కాదు, ఇకమీదట ఇంకెన్ని పందేలుంటాయో ఆ పాదాల మీది నరాలే చెబుతున్నాయి, ఆవేళ ఆ భుజం తట్టడం ఈమెకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు, ఓడిపోయినవాళ్ళు కాసేపు ఏడవాలి, అప్పుడే గెలిచినవాళ్ళకు మనశ్శాంతి.

అది సరే, మొదటి కిలోమీటరు ఎలా పోదామనుకుంటున్నావు, అంది ఇస్త్రీ అక్క ఉన్నట్టుండి, ఎక్కడక్కా, అంది ఈమె, అక్కడేనమ్మా, ప్రపంచ పోటీల్లో, ఇంకెక్కడ, అని ఆవిడ ఆశ్చర్యంగా చూసింది, ఎగతాళి ఏమన్నా ఉందా అని ఈమె ఆ మొహంలో వెతికింది, లేదు, బ్యాంకు వరసలో నిలబడ్డ మొహమే, అంటే ఈవిడ లెక్కలో నేను వెళుతున్నాను, అనుమానమే లేదు, అక్కడివాళ్ళు మొదట్లో తొందరపడరమ్మా, చూశావుగా, అందరూ గుంపుగా పోతారు, నువ్వు లోపలి గీత పట్టుకున్నావో, ఇరుక్కుపోతావు, మోచేతులు పక్కటెముకల్లో దిగుతాయి, బయటి పక్కనే ఉండు, రెండడుగులు ఎక్కువ పడినా ఫర్లేదు, దారి తెరిచి ఉంటుంది, అంటూ ఆవిడ నీళ్ళలోంచి ఒక చెయ్యి తీసి గాల్లో గుంపును గీసి చూపించింది, సగం దాటాక ముందున్న నలుగురైదుగురూ తెంచుకుని పోతారమ్మా, పోనీ, వాళ్ళ వెంట పడకు, వాళ్ళు మన మనుషులు కారు, మనకు కావాల్సింది వాళ్ళను పట్టుకుందామని పరిగెత్తి చావు తప్పి కన్ను లొట్టపోయేవాళ్ళు, వాళ్ళు వస్తారు వెనక్కి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, నువ్వేం వేగం పెంచక్కర్లేదు, అలాగే పోతూ ఉంటే వాళ్ళే వచ్చి నీ చేతికి తగులుతారు, ఏరుకోవడమే, ఒకళ్ళను ఏరుకో, ఊపిరి తీసుకో, తర్వాతావిడ వీపు చూసుకో, అంది, ఏరుకోవడమే అన్నప్పుడు ఆవిడ గొంతులో ఎంత రుచి ఉందంటే, ఎన్నేళ్ళ పరిచయంలోనూ ఇస్త్రీ అక్క నోటి నుంచి ఇన్ని మాటలు ఒక్కసారి ఈమె విననేలేదు, ఆ నిటారు మొహంలో ఎక్కడో మడత పడింది, బుగ్గలు ఎర్రబడ్డాయి, నీళ్ళలో ఆవిడ చేతులు వడి అందుకున్నాయి, ఆవిడ ఇక్కడ లేదు, మీరెప్పుడు చూశారక్కా అంత వివరంగా, అని ఈమె అడిగితే, చూసిందేముంది, పాత పందేల వీడియోలు చూశాను, మిగతాది పడుకోబోయే ముందు పరిగెత్తాను, ఒక్కోరోజు ఒక్కోలా, అని సిగ్గుపడింది, నాకెలాగూ పని లేదనుకో, నీకైనా పనికొస్తుందని చెప్తున్నా, బుర్రలో ఉంచుకుని నేనేం చేసుకోను, అంది.

అదేదో తనకూ ఉండాలి కదా, అని ఆమె వెతుక్కుంది, ఉండాలి, ఎప్పుడూ ఉంటుంది, ఏ పందేనికైనా ముందే తల్లో ఎన్నోసార్లు పరిగెత్తే ఉంటుంది, ఎంపిక పందెంలో ఆఖరి మలుపు దగ్గర కళ్ళు మూసుకోవడం కూడా అంతకుముందు తల్లో చూసుకున్నదే, సరే, ఇప్పుడు పరిగెత్తుదాం, కళ్ళు మూసుకుంది, పెద్ద మైదానం, గీత, పక్కన దేశదేశాల ఆడవాళ్ళు, తుపాకీ పేలింది, మొదటి అడుగు, రెండో అడుగు ఎడమకాలిది, అంతే, తల కాస్తా కిందికి దిగి ఆ గుండీ అంత చోటులో దూరి కూర్చుంది, ఇక మైదానమూ లేదు, మనుషులూ లేరు, కాదు, మళ్ళీ మొదటినుంచి, తుపాకీ, మొదటి అడుగు, ఇంతలో మాస్టారి మొహం, ఇంతలో ఫోనులో జనం రాసే రాతలు, ఇంతలో కుంటుకుంటూ మైదానంలోంచి పక్కకు తప్పుకుంటున్న తన వీపు, దాన్ని టీవీలో చూస్తున్న నాన్న, ఇంకోసారి, గుంపు, బయటి పక్క, దారి తెరిచి ఉంటుంది, అది తనది కాదే, అది ఇస్త్రీ అక్క ఇప్పుడిచ్చింది, తనదేది, తనది ఏది, ఈ మూడు వారాల్లో ఏమేం చూసుకుంది తల్లో, వెనక పేరు కుట్టిన జట్టు కోటు తొడుక్కోవడం చూసుకుంది, విమానం ఎక్కడం చూసుకుంది, సంఘం ఆవిడకు ఫోను చేసి నేనుంటున్నానండీ అని చెప్పడం చూసుకుంది, తప్పుకుంటున్నానండీ అనడం కూడా చూసుకుంది, దాన్నైతే చాలాసార్లు, గొంతు వణకడంతో సహా, అందరూ ఎంత పెద్ద మనసు అని మెచ్చుకోవడంతో సహా, ఆ మెచ్చుకోళ్ళకు ఒకరోజు దిండు తడిసేలా ఏడ్చింది కూడా, కోటుంది, విమానముంది, ఏడుపుంది, పందెం లేదు, ఒక్క రౌండు లేదు, ఒక్క వంద మీటర్లు లేవు.

మోకాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి, ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది, ఎముక మీద, గచ్చు మీద, తన మీద, పక్కన ఇంకా ఎవరి వీపునో చూసుకుంటూ దూసుకుపోతున్న ఈవిడ మీద కూడా, ఇంతకాలం అడిగినవాళ్ళంతా అడిగింది ఆ చోటు ఎవరిది అని, ఎవరిదేమిటి, తనదే, ఎవరూ కాదనలేరు, కాలు మానినా మానకపోయినా తనదే, అక్కా, అంది ఆమె, గొంతేమీ వణకలేదు, విసుగ్గానే వచ్చింది మాట, వాళ్ళను ఏరుకునేది మీరే, నేను కాదు, సాయంత్రందాకా ఎందుకు, ఇప్పుడే పైకెళ్ళి సంఘంవాళ్ళకు చెప్పేస్తాను, అంది, ఇస్త్రీ అక్క ఒక్క క్షణం అలాగే పరిగెత్తింది, తర్వాత ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి, మనిషి ముక్కు దాకా మునిగి, బెల్టు పైకి లాగితే మళ్ళీ తేలి, ఏంటమ్మా ఆ మాటలు, ఆ చోటు నువ్వు గెలుచుకున్నది, నేనేదో మాటవరసకు చెప్పానంతే, నా మాటలకు నువ్వు, అంటూ తడబడింది, పెద్ద మనసూ గిద్ద మనసూ ఏం లేదక్కా, నన్ను మెచ్చుకోకండి, నాకు మంటగా ఉంది, అంది ఆమె నిచ్చెన వైపు నీళ్ళు నెట్టుకుంటూ, మంటగానే ఉంది నిజంగా, రేపూ ఉంటుంది, పోటీల రోజున టీవీ ముందు ఇంకా ఉంటుంది, కానీ తల మాత్రం మూడు వారాల తర్వాత మొదటిసారి గిరగిరా తిరగడం మానేసి ఒకచోట కూర్చుంది, ఎందుకంటే విషయం సగానికి సగం కానే కాదు, ఎముకది కూడా కాదు, మూడు వారాలుగా తను ఆ చోటును రెండు చేతులా పట్టుకుని కూర్చుందే గానీ అందులో ఒక్క అడుగు పరిగెత్తలేదు, ఆ పందేన్ని రోజూ పరిగెత్తుతున్న మనిషి వేరే ఉంది.